పక్క సిస్టమ్‌లో కూడా అంతేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మొర. "నెట్‌వర్క్ డ్రైవ్ తెరుచుకోవడం లేదు, సర్వర్ పోయినట్టేనా మేడమ్?" అని. సర్వర్ అంత తేలిగ్గా పోదండీ. ఇరవై రెండేళ్లు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబుల స్టోరేజీ చూశాను. నిజంగా సర్వర్ పోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతాప్పుడు తప్పు క్లయింట్‌లోనో (సర్వర్‌లోని ఫైళ్లు వాడుకునే సిస్టమ్), మధ్యలో నెట్‌వర్క్ స్విచ్‌లోనో (కేబుల్స్ అన్నీ కలిసే పెట్టె) ఉండేది. కొన్నిసార్లు నాదే. అందుకే ఫోన్ ఎత్తగానే ముందు అడిగేదాన్ని, "పక్క సిస్టమ్‌లో కూడా అంతేనా?" అని. పక్కదాంట్లో బాగా వస్తుంటే సర్వర్ జోలికి వెళ్లేదాన్ని కాదు. ఈసారి ఉత్తరాలన్నింటికీ ఆ ప్రశ్న నుంచే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో 60 లైనక్స్ సిస్టమ్స్ ఉన్నాయి. పిల్లల హోమ్ డైరెక్టరీలన్నీ (ఎవరి ఫైళ్లు వాళ్లు పెట్టుకునే ఫోల్డర్లు) ఒకే ఎన్ఎఫ్ఎస్ సర్వర్ మీద. ఎన్ఎఫ్ఎస్ అంటే లైనక్స్‌లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి. పోయిన వారం ల్యాబ్ ఎగ్జామ్ రోజు సరిగ్గా పదింటికి అందరూ లాగిన్ అయి బ్రౌజర్ తెరవగానే మొత్తం బిగుసుకుపోయింది. ఫైళ్ల జాబితా కోసం 'ఎల్ఎస్' కొడితే కర్సర్ అక్కడే. కంట్రోల్-సీ కొట్టినా కదల్లేదు. పది నిమిషాలు చూసి సర్వర్ రీస్టార్ట్ చేశాను. అది లేచాక కూడా ఇంకో నిమిషంన్నర అన్నీ అలాగే ఉండి, తర్వాత వాటంతటవే కదిలాయి. ప్రిన్సిపాల్ గారికి తెలిసినవాళ్లెవరో 'సాఫ్ట్ మౌంట్ పెట్టేస్తే ఇలా ఆగదు' అన్నారట. పెట్టమంటారా?
— ల్యాబ్ అసిస్టెంట్, భీమవరం

జవాబు: వద్దు. కారణం తర్వాత చెప్తాను, ముందు ఈ మాట వినండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే పెట్టేసి ఉంటారేమోనని నా భయం.

మౌంట్ అంటే సర్వర్‌లోని ఫోల్డర్‌ను మన సిస్టమ్‌కి తగిలించుకోవడం. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది హార్డ్ మౌంట్. లైనక్స్‌లో మనం ఏమీ చెప్పకపోతే వచ్చేది అదే. హార్డ్ మౌంట్ అప్పిచ్చినవాడి లాంటిది. సర్వర్ పలికేదాకా గుమ్మం ముందు నుంచి లేవదు. ప్రోగ్రామ్ రాయమన్నది రాసి తీరాలి, చదవమన్నది తెచ్చి తీరాలి. మీ కర్సర్ నిలబడిపోయింది అందుకే. ఆ సమయంలో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే 'పీఎస్' కొట్టి చూస్తే ఆ ప్రోగ్రామ్ పక్కన 'డి' అనే అక్షరం కనిపిస్తుంది, జవాబు కోసం కదలకుండా కూర్చుందని అర్థం. కంట్రోల్-సీకి లొంగదు. లైనక్స్ కెర్నల్ 2.6.25 నుంచి, ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపే కిల్ -9కి మాత్రం చాలావరకు లొంగుతోంది.

సాఫ్ట్ మౌంట్ అయితే కొన్నిసార్లు తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే "కుదర్లేదు" అని ప్రోగ్రామ్‌కి చెప్పి చేతులు దులుపుకుంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ "కుదర్లేదు" అనే మాట వినేది ఎవరు? పిల్లవాడి ఎడిటరో, కంపైలరో. ఆ జవాబును పట్టించుకోని ప్రోగ్రాములు బోలెడు. సగం రాసిన ఫైల్‌ను పూర్తిగా సేవ్ అయిందనుకుని ముందుకు వెళ్లిపోతాయి. పరీక్షలో సిస్టమ్ పది నిమిషాలు ఆగితే, పది నిమిషాలు టైమ్ పెంచితే సరిపోతుంది. పిల్లవాడి ప్రోగ్రామ్ సగం ఎగిరిపోతే మర్నాడు తండ్రి వచ్చి ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చుంటాడు. అప్పుడు ఆ సలహా ఇచ్చినవాళ్లు ఫోన్ ఎత్తరు.

ఇంకోటి. సాఫ్ట్ మౌంట్ పెట్టేవాళ్లు దాంతోపాటు జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే 'టైమియో' విలువ కూడా మారుస్తారు. అది సెకన్లలో ఉండదు, సెకనులో పదో వంతుల్లో ఉంటుంది. 5 అని రాసి అయిదు సెకన్లు ఇచ్చామనుకుంటారు. ఇచ్చింది అరసెకను. టీసీపీ మీద మామూలుగా ఉండేది 600, అంటే 60 సెకన్లు. దాన్ని కదపకండి.

ఇక నిమిషంన్నర సంగతి. అది జబ్బు కాదు, మర్యాద. లైనక్స్ ఎన్ఎఫ్ఎస్ సర్వర్ లేవగానే మామూలుగా 90 సెకన్ల గ్రేస్ పీరియడ్ ఇస్తుంది. ఎన్ఎఫ్ఎస్ వర్షన్ 4లో ఏ క్లయింట్ ఏ ఫైల్ తెరిచిందీ, ఏది లాక్ చేసిందీ సర్వర్ మనసులో పెట్టుకుంటుంది. రీస్టార్ట్ చేస్తే ఆ లెక్క పోతుంది. పాతవాళ్లు వచ్చి "ఈ లాక్ నాది" అని మళ్లీ చెప్పుకోవడానికి ఆ 90 సెకన్లు. అప్పటిదాకా కొత్తగా ఫైల్ తెరుస్తామని వచ్చినవాళ్లను వరసలో నిలబెడుతుంది. ఈ సంగతి తెలియక టెన్షన్‌లో మళ్లీ రీస్టార్ట్ కొడితే లెక్క మళ్లీ 90 నుంచి మొదలు. అలా మూడుసార్లు కొట్టి, "సర్వర్ మూడుసార్లు రీస్టార్ట్ చేసినా బాగవలేదు మేడమ్" అన్నవాళ్లు నాకు తెలుసు.

అసలు ఎందుకు బిగుసుకుంది? 60 సిస్టమ్స్‌లోనూ అంతే కాబట్టి ఏ ఒక్క క్లయింట్‌నీ తప్పుపట్టలేం. "పదింటికి, బ్రౌజర్ తెరవగానే" అని మీరే రాశారు, నేను దాన్ని పట్టుకున్నాను. బ్రౌజర్ తన చరిత్ర, కుకీలు, కాష్ (మళ్లీ తెచ్చుకోగల తాత్కాలిక కాపీలు) అన్నీ హోమ్ డైరెక్టరీలోనే పెట్టుకుంటుంది. వాటిలో చిన్న చిన్న డేటాబేస్ ఫైళ్లు ఉంటాయి. ప్రతి చిన్న మార్పుకీ "డిస్క్ మీద రాశావా, నిజంగా రాశావా" అని అడుగుతూ ఉంటాయి. లోకల్ డిస్క్ మీద ఆ గోల మనకు తెలియదు. 60 బ్రౌజర్లు ఒకేసారి నెట్‌వర్క్ మీద అడిగితే సర్వర్ డిస్క్ ఆయాసపడుతుంది. లాగిన్ స్క్రిప్ట్‌లో 'ఎక్స్‌డీజీ కాష్ హోమ్' అనే వేరియబుల్‌ను ఆ సిస్టమ్ లోకల్ డిస్క్ మీది డైరెక్టరీకి చూపించండి. కాష్ పోతే ఎవరి మార్కులూ పోవు. సర్వర్‌లో ఎన్ఎఫ్ఎస్ థ్రెడ్లు (ఒకేసారి పని చూసే కౌంటర్లు అనుకోండి) ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. చాలా ఏళ్లు వాటి డిఫాల్ట్ 8 మాత్రమే. 60 మందికి 8 కౌంటర్లు చాలవు, 32 చేసి చూడండి. అయితే డిస్కే నెమ్మదైతే కౌంటర్లు పెంచి లాభం లేదు. 'అయోస్టాట్' కొట్టి డిస్క్ నూటికి నూరు శాతం బిజీగా ఉందేమో ముందు చూసుకోండి.

మీరు చేసినదాంట్లో నాకు బాధ కలిగించింది ఒక్కటే. ఏమీ చూడకుండా రీస్టార్ట్ చేశారు. ఇప్పుడు నేను చెప్తున్నవన్నీ అనుమానాలే, రుజువు రీస్టార్ట్‌తో పోయింది.

రుజువు ఎలా పనికొస్తుందో చెప్తాను. మా కాలేజీలో కొన్నాళ్లు ప్రతి శుక్రవారం పొద్దున తొమ్మిది దాటాక రెండు ల్యాబులు ఒకటి రెండు నిమిషాలు ఆగిపోయేవి. క్లయింట్లలో డీమెసేజ్ (కెర్నల్ రాసుకునే సందేశాలు) చూస్తే "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రైయింగ్" అని 9.05కి, "సర్వర్ ఓకే" అని 9.07కి. సర్వర్ లాగ్‌లో మాత్రం ఆ టైమ్‌కి ఏమీ లేదు. 'అప్‌టైమ్' కొడితే నాలుగు నెలలుగా ఆగకుండా నడుస్తోంది. క్లయింట్ అబద్ధం చెప్పదు, సర్వర్ అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది మధ్య దారి. ఒక శుక్రవారం 8.45కే వెళ్లి సర్వర్ రూమ్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా అటెండర్ వచ్చాడు. లక్ష్మీదేవి పటానికి దండ వేశాడు. సీరియల్ బల్బుల ప్లగ్ పెట్టడానికి నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్ పీకాడు. అగరొత్తి వెలిగించి, పటం చుట్టూ తిప్పి, దణ్ణం పెట్టుకుని, బల్బుల ప్లగ్ పీకి స్విచ్ ప్లగ్ మళ్లీ పెట్టాడు. రెండు నిమిషాలు. ఆ రోజు సాయంత్రం కొత్త ఎక్స్‌టెన్షన్ బోర్డు కొన్నాను.

ప్రశ్న: ఫోటో స్టూడియో మాది. పెళ్లి ఫోటోలన్నీ ఒక చిన్న నాస్ బాక్స్‌లో (నెట్‌వర్క్‌కి కలిపే స్టోరేజీ పెట్టె) పెడతాం. మూడు పాత సిస్టమ్స్‌లో ఏ పాస్‌వర్డూ అడక్కుండా తెరుచుకుంటుంది. కొత్తగా కొన్న విండోస్ 11 ప్రో కంప్యూటర్‌లో మాత్రం తెరుచుకోదు. 'ఎస్ఎంబీ 1 ఆన్ చేయండి' (విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతిలో పాత వర్షన్ అట) అని మాకు తెలిసిన అబ్బాయి చెప్పాడు. సీజన్ మొదలైపోయింది, ఆల్బమ్‌లు ఆగిపోతున్నాయి.
— స్టూడియో యజమాని, కరీంనగర్

జవాబు: మూడింటిలో వస్తోంది, ఒకదాంట్లో రావడం లేదు. అంటే నాస్ ఆరోగ్యంగానే ఉంది. కానీ తప్పు కొత్త కంప్యూటర్‌ది అనడానికీ నాకు మనసు రావడం లేదు. అది పద్ధతిగా ఉంటోంది, మీ నాస్ తలుపులు బార్లా తీసి ఉంది.

2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో రెండు మారాయి. ఒకటి, అవతలి సర్వర్ పంపే ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) మీదా డిజిటల్ సంతకం ఉండాలని విండోస్ పట్టుబడుతుంది. రెండోది, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ను ఒప్పుకోదు. నిజానికి ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడ్డవే. సంతకానికి కావాల్సిన తాళంచెవి లాగిన్ నుంచే పుడుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డే లేదు, సంతకం దేనితో పెడతాడు?

చేయాల్సింది చాలా సులువు. నాస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్టూడియో పేరుతో ఒక యూజర్‌ను తయారుచేయండి. మంచి పాస్‌వర్డ్ పెట్టి, ఫోటోల ఫోల్డర్‌కి ఆ యూజర్‌కి హక్కు ఇవ్వండి. గెస్ట్‌ను ఆపేయండి. నాస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి. ఎస్ఎంబీ 2, 3 ఆన్‌లో ఉన్నాయో లేదో, సైనింగ్ అనే ఆప్షన్ ఉంటే అదీ చూడండి. తర్వాత కొత్త కంప్యూటర్‌లో ఆ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ తర్వాత మిగతా మూడింటిలోనూ అలాగే.

ఆ మూడింటిలో ఒక చిక్కు రావచ్చు. పాత గెస్ట్ కనెక్షన్ ఇంకా తెరిచి ఉండగానే కొత్త పేరుతో వెళ్తే విండోస్ 1219 అనే ఎర్రర్ ఇస్తుంది. ఒకే సర్వర్‌కి ఒకే మనిషి రెండు పేర్లతో వెళ్లడం దానికి కుదరదు. పాత డ్రైవ్ మ్యాపింగ్ తీసేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ నాస్ పేరు మీద ఉన్నవి చెరిపేసి, ఒకసారి లాగాఫ్ అయి రండి.

ఎస్ఎంబీ 1 మాట మర్చిపోండి. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది ఎస్ఎంబీ 1లో ఉన్న లొసుగు పట్టుకునే. దాన్ని పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. మీ నాస్‌లో ఎన్ని జంటల తలంబ్రాలు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి. వాటికి ఇంకో కాపీ వేరే డిస్క్‌లో ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: రోజూ పొద్దున ఆఫీసు తెరవగానే జడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు. ట్యాలీ డేటా అందులోనే ఉంది. డబుల్ క్లిక్ చేస్తే ఒక్కోరోజు తెరుచుకుంటుంది, ఒక్కోరోజు తెరుచుకోదు.
— అకౌంటెంట్, రాజమహేంద్రవరం

జవాబు: తెరుచుకున్న రోజు బాధపడాల్సిందేమీ లేదు. విండోస్ సర్వర్ పదిహేను నిమిషాలు ఎవరూ ముట్టుకోని కనెక్షన్‌ను తనే మూసేస్తుంది, ముట్టుకుంటే మళ్లీ తెరుస్తుంది. ఆ ఎర్ర గుర్తు అలంకారమే. లేదా మీ సిస్టమ్ సర్వర్ కంటే ముందు లేచి, అప్పటికి అది దొరక్క గుర్తు పెట్టేసి ఉంటుంది. సర్వర్‌ను ముందు ఆన్ చేసి, రెండు నిమిషాలాగి మిగతావి ఆన్ చేయమని తాళాలు తీసే అబ్బాయికి చెప్పండి.

తెరుచుకోని రోజున మాత్రం ముందురోజు రాత్రి కరెంటు పోయిందా అని అడగండి. పోయి ఉంటే రౌటర్ కూడా ఆగి మళ్లీ లేచి, సర్వర్‌కి వేరే ఐపీ అడ్రస్ ఇచ్చి ఉంటుంది. మీ జడ్ డ్రైవ్ పాత అడ్రస్‌నే పట్టుకుని వెతుకుతోంది. రౌటర్‌లో సర్వర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేయించండి, అదీ ఆగిపోతుంది.

ప్రశ్న: డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఐటీ చూస్తాను. పాత స్విచ్ కాలిపోతే కొత్తది వేశాం. అప్పటి నుంచి విచిత్రం. స్టోరేజీ సర్వర్‌లో ఫోల్డర్లు కనిపిస్తాయి. పేషెంట్ పేరుతో ఉన్న చిన్న టెక్స్ట్ ఫైల్ తెరుచుకుంటుంది. స్కాన్ ఇమేజ్ కాపీ చేస్తే మాత్రం సున్నా శాతం దగ్గరే నిలబడుతుంది. పింగ్ (సర్వర్ పలుకుతోందా అని చూసే పరీక్ష) బాగానే వస్తోంది. సర్వర్ అమ్మినవాళ్లు నెట్‌వర్క్ అంటున్నారు, స్విచ్ అమ్మినవాళ్లు సర్వర్ అంటున్నారు.
— విశాఖపట్నం

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు నవ్వొచ్చింది, క్షమించాలి. ఇలాంటిది నేనూ రెండు రోజులు పడ్డాను.

మన ఊళ్లలో రైల్వే అండర్‌బ్రిడ్జిలు తెలుసు కదా. ఆటో వెళ్తుంది, బైకు వెళ్తుంది, గడ్డి లారీ ఇరుక్కుంటుంది. మీ కొత్త స్విచ్ అలాంటి బ్రిడ్జి. నెట్‌వర్క్‌లో మామూలు ప్యాకెట్ ఎత్తు 1500 బైట్లు. పెద్ద ఫైళ్లు వేగంగా వెళ్తాయని ఎవరో ఒకప్పుడు మీ సర్వర్‌లోనూ, స్కాన్ చూసే సిస్టమ్స్‌లోనూ దాన్ని 9000 చేసి ఉంటారు. దాన్నే జంబో ఫ్రేమ్ అంటారు. పాత స్విచ్‌లో ఆ సెట్టింగ్ ఉండేది. కొత్తదాన్ని పెట్టెలోంచి తీసి అలాగే పెట్టేశారు. చిన్న ఫైళ్లు, మామూలు పింగ్ 1500 లోపే ఉంటాయి కాబట్టి దూరిపోతాయి. స్కాన్ ఇమేజ్ పెద్ద ప్యాకెట్లలో వెళ్తుంది. స్విచ్ వాటిని కింద పడేస్తుంది. లారీ అయితే కనీసం ఇరుక్కుని కనిపిస్తుంది, ఇక్కడ పడేసినట్టు చెప్పేవాళ్లు కూడా ఉండరు. రెండు చివరలూ 9000కి ఒప్పుకున్నాయి, మధ్యలో వాడిని ఎవరూ అడగలేదు.

రుజువు కావాలంటే విండోస్‌లో పింగ్‌కి రెండు ఆప్షన్లు కలపండి. '-ఎఫ్' అంటే ముక్కలు చేయొద్దని, '-ఎల్' తర్వాత సైజు. 1472 పెట్టి కొట్టండి, జవాబు వస్తుంది. 8972 పెట్టి కొట్టండి. రాదు. (ఈ వింత అంకెలకు కారణం పింగ్ హెడర్ 8, ఐపీ హెడర్ 20. కలిపితే 1500, 9000 అవుతాయి.) ఆ రెండు స్క్రీన్‌లూ ఫోటో తీసి ఇద్దరు అమ్మకందారులకూ పంపండి, వాదన ఆగుతుంది.

స్విచ్‌లో జంబో ఫ్రేమ్ ఆన్ చేయొచ్చు. నన్నడిగితే మాత్రం, మీది ఒక గిగాబిట్ నెట్‌వర్కే అయితే అన్నిటినీ 1500కి తెచ్చేయండి. మీకు వచ్చే వేగం తేడా కొంచెమే. రేపు ఇంకో స్విచ్ కాలిపోతే ఈ ఉత్తరమే మళ్లీ రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్‌లు ఎడిట్ చేస్తాం. స్టోరేజీ బాక్స్‌లో ఐస్కజీ డిస్క్ ఒకటి తయారుచేసి రెండు ఎడిటింగ్ సిస్టమ్స్‌కీ కలిపాం. రెండింటిలోనూ ఈ-డ్రైవ్‌గా కనిపిస్తోంది, స్పీడ్ అద్భుతం. కానీ నేను పెట్టిన ఫైల్ పక్క సిస్టమ్‌లో కనిపించడం లేదు. నిన్నటి నుంచి కొన్ని క్లిప్‌లు తెరుచుకోవడం లేదు, డ్రైవ్‌లో ఎర్రర్స్ ఉన్నాయి, చెక్ చేయమంటారా అని విండోస్ అడుగుతోంది.
— హైదరాబాద్

జవాబు: చెక్ చేయనివ్వకండి. ఇప్పుడే, ఈ వాక్యం చదువుతూనే రెండు సిస్టమ్స్‌నూ ఆ డిస్క్ నుంచి డిస్‌కనెక్ట్ చేయండి. మిగతాది తర్వాత చదువుదురుగాని.

చేశారా? ఇప్పుడు వినండి. ఐస్కజీ ఇచ్చేది ఫోల్డర్ కాదు, ఉత్త డిస్క్. దూరంగా ఉన్న హార్డ్‌డిస్క్‌కి పొడుగాటి కేబుల్ కట్టినట్టు. ఏ ఫైల్ ఎక్కడుంది, ఎక్కడ ఖాళీ ఉంది అన్న చిట్టా మీ విండోసే రాసుకుంటుంది. కొంత డిస్క్ మీద, కొంత తన మెమరీలో. అలాంటి విండోస్‌లు ఇప్పుడు రెండు. ఒకే షాపులో ఇద్దరు గుమాస్తాలు ఒకే చిట్టా పుస్తకానికి ఎవరి జిరాక్స్ కాపీ వాళ్లు పెట్టుకుని, ఎవరికి ఖాళీగా కనిపించిన గీతలో వాళ్లు రాస్తున్నట్టు. మీరు క్లిప్ పెట్టిన చోటు పక్క సిస్టమ్ లెక్కలో ఇంకా ఖాళీ. అది వెళ్లి దాని మీదే రాసేసింది. చెక్‌డిస్క్ నడిపితే ఇద్దరిలో ఒకరి చిట్టా నిజమని నమ్మి రెండో వాళ్ల ఫైళ్లను చెత్త కింద ఊడ్చేస్తుంది.

ఇక్కడ క్లయింట్‌దీ తప్పు లేదు, సర్వర్‌దీ లేదు. అడిగింది అడిగినట్టే ఇచ్చాయి. ముందు ఆ డిస్క్ మొత్తానికి బ్లాక్ బ్లాక్‌గా ఒక కాపీ తీయించండి. రికవరీ ప్రయత్నాలన్నీ ఆ కాపీ మీదే చేయించండి, అసలు మీద వద్దు. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ చేయకపోతే ఈ రోజు వాటిని ఎవరూ ముట్టుకోవద్దని గోడ మీద రాసి అంటించండి. ఇక ముందుకి, అదే బాక్స్‌లో మామూలు షేర్డ్ ఫోల్డర్ పెట్టి ఇద్దరూ ఎస్ఎంబీతో వాడుకోండి. అప్పుడు చిట్టా బాక్స్ దగ్గర ఒక్కటే ఉంటుంది. ఒకే ఐస్కజీ డిస్క్‌ను ఎక్కువ మంది పంచుకునే క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు, జీఎఫ్ఎస్2, ఓసీఎఫ్ఎస్2 లాంటివి, లేకపోలేదు. ఇద్దరు ఎడిటర్లకు ఆ తలనొప్పి ఎందుకు?

ప్రశ్న: అక్కా, నేను ఎంసీఏ చదువుతున్నాను. హాస్టల్ గదిలో పాత ల్యాప్‌టాప్‌ని ఎన్ఎఫ్ఎస్ సర్వర్ చేశాను. మూడు డౌట్లు. సూడోతో (అడ్మిన్ హక్కుతో) రాస్తే 'పర్మిషన్ డినైడ్' అంటుంది, మామూలు యూజర్‌గా రాస్తే రాస్తుంది. ఇదేం తిరకాసు? రెండోది, సర్వర్‌లో డిస్క్ మార్చి డేటా అంతా మళ్లీ కాపీ చేశాను, క్లయింట్‌లో 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అని వస్తోంది. మూడోది, ఒక ఫోల్డర్‌లో చుక్కతో మొదలై ఎన్ఎఫ్ఎస్ అని, తర్వాత పొడుగాటి నంబర్ ఉన్న ఫైల్ ఉంది. డిలీట్ చేస్తే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంటూ పోనంటోంది. దెయ్యమా?
— వరంగల్

జవాబు: దెయ్యం సంగతి చివర్లో చెప్తాను తమ్ముడూ.

సూడో అంటే నీ ల్యాప్‌టాప్‌లో నువ్వు రాజువి. పక్క రాజ్యంలో కాదు. క్లయింట్ నుంచి రూట్‌గా, అంటే అన్ని హక్కులున్న యూజర్‌గా, వచ్చినవాడిని సర్వర్ 'నోబడీ'గా, మామూలుగా 65534 నంబర్ మనిషిగా మార్చేస్తుంది. దీని పేరు రూట్ స్క్వాష్. ఆపేసే ఆప్షన్ ఉంది కానీ ఆపకు. ఆపితే నీ గదికి వచ్చిన ఏ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో రూట్ అయినా నీ సర్వర్‌కి రూటే.

ఆ ఆప్షన్లు ఉండే, ఏ ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో సర్వర్‌లో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ గురించి నా పరువు పోయిన సంగతి ఒకటి చెప్పాలి. ఎగ్జామ్ సెల్ సిస్టమ్ ఒక్కదానికే మార్కుల ఫోల్డర్ రాసే హక్కుతో ఇవ్వాలి. ఆ సిస్టమ్ అడ్రస్ రాసి, ఒక ఖాళీ వదిలి, బ్రాకెట్‌లో ఆర్‌డబ్ల్యూ (చదివే, రాసే హక్కు) అని రాశాను. ఆ ఒక్క ఖాళీతో అర్థం తిరగబడింది. ఎగ్జామ్ సెల్‌కి డిఫాల్ట్, అంటే చదివే హక్కు మాత్రమే. బ్రాకెట్‌లో ఉన్న రాసే హక్కు లోకంలో అందరికీ. ఎగ్జామ్ సెల్ వాళ్లు "రాయడం కుదరడం లేదు" అని ఫోన్ చేస్తే రెండు గంటలు వాళ్ల సిస్టమ్‌నే అనుమానించాను, పక్క సిస్టమ్‌లో ఏమవుతోందో చూడలేదు. చివరికి ఒక విద్యార్థి వచ్చి "మేడమ్, మార్కుల ఫోల్డర్ ల్యాబ్‌లో తెరుచుకుంటోంది" అన్నాడు. మంచి పిల్లవాడు. మార్కులు మార్చుకోకుండా వచ్చి చెప్పాడు. అడ్రస్‌కీ బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు. 'ఎక్స్‌పోర్ట్ ఎఫ్ఎస్' కమాండ్ అప్పుడే హెచ్చరిక కూడా ఇచ్చింది, నేనే చదవలేదు.

స్టేల్ హ్యాండిల్ చిన్న విషయం. క్లయింట్ ఫైల్‌ను పేరుతో గుర్తుపెట్టుకోదు. సర్వర్ ఇచ్చిన ఒక టోకెన్‌తో గుర్తుపెట్టుకుంటుంది. ఆ టోకెన్‌లో ఏ ఫైల్ సిస్టమ్, అందులో ఏ ఐనోడ్ నంబర్ (ఆ ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైల్‌కీ ఇచ్చే అంకె) అన్న వివరాలుంటాయి. నువ్వు డిస్క్ మార్చావు. పేర్లు అవే, ఐనోడ్లు వేరు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టాక పాత తాళంచెవి పట్టుకుని నిలబడ్డట్టు. అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చెయ్యి. అన్‌మౌంట్ కాకపోతే ఆ ఫోల్డర్‌లో ఏదో టెర్మినల్ తెరిచి కూర్చుని ఉంటావు, బయటికి రా.

ఇక దెయ్యం. ఒక ప్రోగ్రామ్ ఫైల్ తెరిచి ఉండగా అదే క్లయింట్‌లో ఎవరో దాన్ని డిలీట్ చేస్తే, క్లయింట్ నిజంగా తీసేయదు. తీసేస్తే తెరిచినవాడు చదవలేడు. అందుకని పేరు మార్చి దాస్తుంది, తెరిచినవాడు మూసేశాక తనే తుడిచేస్తుంది. నువ్వు దాన్ని డిలీట్ చేయబోతే ఇంకా తెరిచే ఉంది కాబట్టి 'బిజీ' అని ఒప్పుకోదు. అదే నీకు కనిపిస్తున్న మొండితనం. క్లయింట్‌లో, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచిందో చూపే 'ఎల్ఎస్ఓఎఫ్' కొట్టి ఆ ఫైల్ పేరు వెతుకు. సర్వర్‌లో కొడితే దొరకదు, ఎందుకంటే తెరిచింది క్లయింట్‌లోని ప్రోగ్రామ్. ఏ ప్రోగ్రామో తెలిశాక దాన్ని మూసెయ్యి. ఎల్ఎస్ఓఎఫ్‌లో ఏమీ రాకపోతే, ఏ క్లయింటో ఆ ఫైల్ తెరిచి ఉండగానే కరెంటు పోయి ఆగిపోయి ఉంటుంది. అప్పుడు అది దిక్కులేని ఫైల్, డిలీట్ కొడితే పోతుంది. నీ ఉత్తరం ప్రకారం పోనంటోంది కాబట్టి ఏదో ప్రోగ్రామ్ ఇంకా పట్టుకునే ఉంది. మొన్న ఎప్పుడో తెరిచి, మినిమైజ్ చేసి మర్చిపోయిన వీడియో ప్లేయర్ ఏమైనా ఉందేమో ముందు చూడు.